శుక్రవారం విమానంలో ఈశ్వరయ్య

ప్రయాణికులకు ముఖ్య గమనిక. నేటి మధ్యాహ్నం రెండున్నరకు కువైట్, మంగఫ్ క్యాంపు 306వ గది నుంచి కడపకు బయలుదేరవలసిన విమానం, కొత్త విమానం డౌన్‌లోడ్ అరవై రెండు శాతం దగ్గర ఆగి ఉన్నందున, నాలుగు గంటలకు బయలుదేరును. ప్రయాణికులు ఇఖామా (నివాస అనుమతి) కార్డులతో గంట ముందుగా మంచాల వద్ద సిద్ధంగా ఉండవలెను. ఇట్లు, కెప్టెన్ బుల్లిరాజు.

ఈ కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. చదివి ఆశ్చర్యపోయినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. ఆలస్యమైందని విసుక్కున్నవాళ్లు మాత్రం ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఈశ్వరయ్య అయితే అప్పటికే తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, నుదుట విభూతి పెట్టుకుని, తెర ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అది 14ఎ. కిటికీ సీటు.

బుల్లిరాజుది ముమ్మిడివరం. ఆరు రోజులు కంపెనీ గోదాములో స్టోర్‌కీపరు, ఏడో రోజు కెప్టెన్. కంప్యూటర్ మీద విమానం నడిపే సిమ్యులేటర్ ఒకటి ఆయన దగ్గర ఉంది. దాన్ని ఆట అన్నవాళ్లతో ఆయన రెండు రోజులు మాట్లాడడు. పాత సామాన్ల సంతలో కొన్న జాయ్‌స్టిక్కు, ఎవరో కువైటీ పారేసిన పెద్ద టీవీ, కాళ్లకింద బియ్యం డబ్బా మీద బిగించిన పెడళ్లు, ఇదీ ఆయన విమానాశ్రయం. కడపకు కువైట్ నుంచి నేరుగా విమానం కావాలని మనవాళ్లు ఇచ్చిన అర్జీలు పేరిస్తే అవే ఒక రన్‌వే పొడవున వస్తాయి. బుల్లిరాజు ఏ అర్జీ లేకుండా ఒక్క మధ్యాహ్నంలో ఆ సర్వీసు ప్రారంభించాడు. కోనసీమవాడై ఉండి మొదటి విమానం రాజమండ్రికి కాకుండా కడపకు వేయడం ఆయన పెద్దమనసు. గదిలోని ఎనిమిది మందిలో ఆరుగురు కడప, రాయచోటి వైపువాళ్లు కావడం కూడా ఆ మనసు పెరగడానికి కొంత తోడ్పడింది.

క్యాబిన్ బాధ్యత మహమ్మద్ గౌస్‌ది. గదికి వంట చేసేదీ అతనే. జుమ్మా నమాజు ముగించుకుని వచ్చి, అందరి ఇఖామాలూ తనిఖీ చేసి, రేకు డబ్బాల్లో బిర్యానీ పెట్టి ఇస్తాడు. మోచేతులు ఒంటికి అంటించుకునే తినాలని కెప్టెన్ ఆదేశం. చాప మీద కాళ్లు చాపుకుని తినే సౌకర్యం ఉన్నా ఎవరూ వాడుకోలేదు.

మొదట్లో అందరూ ఎక్కేవాళ్లు. కానీ విమానం కడప చేరడానికి నాలుగున్నర గంటలు పడుతుంది, దారంతా మబ్బులే. ఒక్కొక్కరే నిద్రలోకి జారుకున్నారు. చివరిదాకా కూర్చున్నది ఈశ్వరయ్య ఒక్కడే. ఆయనది రాయచోటి పక్కన గుట్టకిందపల్లె. ఊరికి పోయి ఆరేళ్లయింది. సెలవు వచ్చిన ప్రతిసారీ ఊళ్లో కడుతున్న ఇల్లు అడ్డం వచ్చేది. ఒక సెలవు, టికెట్టు డబ్బుతో సహా, పునాదిలోకి పోయింది, ఒకటి స్లాబులోకి, ఒకటి టైల్సులోకి. ఇప్పుడు ఇల్లు పూర్తయింది. ఆ ఇంటిని ఈశ్వరయ్య ఇంకా కళ్లారా చూడలేదు. గృహప్రవేశం రోజు భార్య మద్దమ్మ పక్కన పీటల మీద కూర్చోవాలన్నది తప్ప ఆ మనిషికి వేరే కోరిక లేదు. అంతవరకూ పైనుంచి చూసినా చాలనుకున్నాడు.

పైనుంచి చూడటానికే కెప్టెన్ కెమెరా సాధనం కొన్నాడు. అంతకుముందు తెరమీద కెప్టెన్ ముందున్న మీటలు మాత్రమే కనిపించేవి. ఈ సాధనంతో విమానంలో ఏ మూలనైనా కన్ను పెట్టి చూడవచ్చు. 14ఎలో పెట్టారు. కిటికీ కనిపించింది, కిటికీలోంచి రెక్క కనిపించింది. ఈశ్వరయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నెల తిరగకముందే దానికి మెరుగైన వెర్షను వచ్చింది, అందులో టేకాఫ్ అప్పుడు తల ఊగుతుంది. గౌస్‌కు వాంతి అయింది. ప్రయాణం ఇంత సహజంగా ఎప్పుడూ లేదని అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాతి వెర్షనులో కిటికీ అద్దం మీద గీతలు, ఎవరో నూనె తల ఆనించిన మరక వచ్చాయి. ఆ మరక కొనడానికి బుల్లిరాజు రెండు వారాలు సిగరెట్లు మానేశాడు. కళకోసం త్యాగం చేసేవాళ్లు మనలో లేరనడం తప్పు.

కెమెరా ఇంత ముందుకు పోయాక విమానం వెనకబడిపోయింది. అందుకే ఈ కొత్త విమానం. నాలుగు దాటి, చివరికి అయిదున్నరకు డౌన్‌లోడ్ పూర్తయింది. ప్రాజెక్టు ప్రారంభోత్సవంలాగా కీబోర్డుకు పసుపు రాశారు, మౌసు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. నిమ్మకాయ నలగలేదు, మౌసు నలిగింది. అదనంగా ఇంకో మౌసు ఉండటం వల్ల శుభమే జరిగింది.

విమానం లేచింది. ఈశ్వరయ్య మాత్రం కళ్లు చికిలించి చూస్తున్నాడు.

"ఎలాగుందండీ ఈశ్వరయ్యగారూ, కొత్త సీటు?" అని కెప్టెన్ అడిగాడు.

"సీటు కనపడ్లేదబ్బా. నేను రెక్క మింద ఉండా."

"అదేంటంటేనండీ, విమానం కొత్తది, కెమెరా కొలతలు పాతవండి. మీ సీటున్న చోట ఇప్పుడు రెక్కొచ్చింది. కాస్త సర్దుకోండి, వచ్చే అప్‌గ్రేడ్‌లో లోపలికొచ్చేస్తారు."

"కానీలే. గాలి బాగుంది."

నాలుగున్నర గంటలు ఆయన రెక్క మీదే కూర్చున్నాడు. గౌస్ బిర్యానీ అక్కడికే అందించాడు. గుట్టకిందపల్లె మీదికి వచ్చాక కెప్టెన్ విమానాన్ని కిందికి దించి, ఎప్పుడో అస్తమించిన సూర్యుణ్ణి కూడా మళ్లీ నడినెత్తికి తెచ్చి నిలబెట్టాడు. కెప్టెన్‌కు ఆ అధికారం ఉంటుంది.

"ఇల్లు యాడబ్బా?" అన్నాడు ఈశ్వరయ్య.

ఇల్లు ఉండవలసిన చోట రాళ్లకుప్ప, దాని పక్కన ఒక దేవదారు చెట్టు ఉన్నాయి. రాళ్లకుప్ప ఉపగ్రహం తీసిన పాత ఫొటోలోది. చెట్టు సిమ్యులేటర్ తనంతట తాను నాటింది. రాయచోటి ఎండకు అది ఏమాత్రం వాడలేదు.

"ఫొటో తీసేటప్పటికి మీరింకా పునాది తియ్యలేదండి. వచ్చే అప్‌గ్రేడ్‌లో..." అన్నాడు బుల్లిరాజు.

ఈశ్వరయ్య తల ఊపాడు. చెట్టు వైపు మాత్రం కొంచెం కోపంగానే చూశాడు.

ఇంతవరకూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. అసలు సంగతి రెండో శుక్రవారం మొదలైంది. కొత్త విమానంలో తెరమీద వచ్చే పలక ఒకటి ఉంది. ప్రయాణికులు ఎంతమంది, లగేజీ ఎన్ని కిలోలు అని అది అడుగుతుంది. జవాబు రాయకపోతే తలుపు మూసుకోదు. ఇంకెవరైనా అయితే నోటికొచ్చిన అంకె కొట్టి ముందుకు పోయేవాడు. బుల్లిరాజు పన్నెండేళ్లుగా స్టోర్‌కీపరు. వస్తువును కళ్లతో చూడకుండా, తూచకుండా ఒక్క అంకె రాసిన మనిషి కాడు. మొదటివారం తెలియక సున్నా రాశాడట, ఆ పాపానికి వారమంతా నిద్ర పట్టలేదట. అందుచేత లగేజీ తెమ్మన్నాడు.

లగేజీకి ఏం లోటు? కువైట్‌లో మన మనిషి మంచం కింద చూస్తే సగం నిండిన అట్టపెట్టె ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పాలపొడి డబ్బాలు, బాదం పప్పు, తలనొప్పి మందు, సబ్బులు, పులిబొమ్మ దుప్పటి, ఎప్పుడు ఎవరు ఊరికి పోయినా పంపడానికి సిద్ధంగా ఉంటాయి. అవన్నీ బయటికి వచ్చాయి. కొక్కెం తక్కెడకు వేలాడదీసి తూచారు. తూచినదాన్ని కట్టకుండా ఉంచితే బరువు మారుతుందని కెప్టెన్ అన్నాడు కాబట్టి టేపు చుట్టారు, నైలాన్ తాడు బిగించారు, ఆరువైపులా పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు మార్కర్‌తో రాశారు. బుల్లిరాజు ప్రతి పెట్టె మీదా సంతకం చేశాడు. విమానం తలుపు టక్కున మూసుకుంది. గదిలో చప్పట్లు మోగాయి.

ఆ రాత్రి భార్యలతో మాట్లాడేటప్పుడు ఈశ్వరయ్య తప్ప అందరూ ఒకే మాట చెప్పారు. "శుక్రవారం ఫ్లైటుకు ఈశ్వరయ్యతో పెట్టె పంపినా." ఇందులో అబద్ధం వెతికేవాళ్లు వెతకవచ్చు. పెట్టె కట్టారు, తూచారు, లెక్కలో రాశారు, విమానం వెళ్లింది, ఈశ్వరయ్య అందులో ఉన్నాడు. మనం ఇంతకంటే తక్కువ ఆధారాలతో ఎన్నో నమ్ముతున్నాం.

విమానం దిగాక లగేజీ బాధ్యత ప్రయాణికుడిదే కదా. పెట్టెలన్నీ ఈశ్వరయ్య మంచం కిందికి చేరాయి. తాళ్లు విప్పుదామని ఎవరూ అనలేదు. ఊరికని కట్టిన పెట్టె తాడు కువైట్‌లో విప్పకూడదు. పక్క గదిలో ఒకడు అలా విప్పితే ఆ వారంలోనే అతని సెలవు రద్దయింది. మూడో శుక్రవారం కొత్త పెట్టెలు వచ్చాయి, నాలుగో శుక్రవారం ఇంకొన్ని. మంచం కింద చోటు చాలక మంచం మీద పేర్చి, వాటి మీద పరుపు వేశారు. ఏడో వారానికి ఈశ్వరయ్య ఏసీ గాలి నేరుగా ముక్కులోకి కొట్టే ఎత్తులో పడుకుంటున్నాడు. మఫ్లర్ కట్టుకున్నాడు. కాదనడం చేతకాని మనిషి, మొహమాటం.

ఈలోగా కెమెరాకు అప్‌గ్రేడ్ వచ్చింది. ఈశ్వరయ్యను రెక్క మీదినుంచి లోపలికి తెచ్చారు. కొలత కొంచెం ఎక్కువై టాయిలెట్‌లో పడ్డాడు. అక్కడ కిటికీ లేదు. అద్దం ఉంది గానీ అందులో ఎవరూ కనిపించలేదు. అద్దాల్లో మనుషులు కనపడటం ఖరీదైన వెర్షనులోనే వస్తుందని బుల్లిరాజు చెప్పాడు.

ఎనిమిదో వారం మద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏమయ్యా, పతి శుక్రవారం దిగుతాండావంట కదా?"

"యాడ దిగుతాండా?"

"నన్నడుగుతావేంది? ఊరూరా చెప్పుకుంటాండారు. గౌస్ పెండ్లాం హమీదా బీ వచ్చి గడపలో కూచుంది, మా పెట్టె యాడ పెట్టినాడు మీ ఆయన అని. ఏడువారాలాయె. ఇంటికి రాకుండా ఎవురింట్లో దిగుతాండావో ఈ పొద్దు తేలాల."

"మద్దమ్మా, అది కంప్యూటర్ విమానం. నేను కుర్చీలో కూచుంటా, అంతే."

"విమానంలో కుర్చీలో కూచోకుండా నిలబడి వస్తారా ఎవురన్నా?"

ఈశ్వరయ్య తన ప్లాస్టిక్ కుర్చీని ఒకసారి తడిమి చూసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆమె తర్కంలో తప్పు మనకూ దొరకదు. గుట్టకిందపల్లె చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఆయన పేరు అప్పటికే పెట్టెలు మింగేవాడిగా స్థిరపడింది. ఒకరు ఆయన్ను రాయచోటి బస్టాండులో చూశారట. ఇంకొకరు పులిబొమ్మ దుప్పటి కప్పుకుని ఉండగా చూశారట. ఆ మాటలు విన్న రోజు ఈశ్వరయ్య అన్నం తినలేదు. కన్నీళ్లు పెట్టుకున్నాడు కూడా.

ఆ బాధలో ఉండగానే, ఆరేళ్లలో మొదటిసారి, ఇల్లు మింగని సెలవు ఒకటి వచ్చింది. కంపెనీ సెలవు మంజూరు చేసింది. ఇరవై రోజులు, రానుపోను టికెట్టుతో సహా. గృహప్రవేశం ముహూర్తం వచ్చే నెల ఇరవై రెండో తేదీ శుక్రవారం ఉదయం పదీ ఇరవైకి. ఈశ్వరయ్య ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని ఎండలో క్యాంపు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నిజమైన విమానంలో, నిజమైన ఇంటికి, మద్దమ్మ పక్కన నిజమైన పీట మీదికి. ఆయన నవ్వుతుండటం చూసి కాపలాదారు మంచినీళ్లు ఇచ్చాడు.

వార్త తెలియగానే 306వ గదిలో అత్యవసర సర్వసభ్య సమావేశం జరిగింది. ఎజెండాలో ఒకటే అంశం. పెట్టెలు పదిహేడు. మొత్తం బరువు, కెప్టెన్ సంతకంతో సహా, మూడువందల పన్నెండు కిలోల నాలుగువందల గ్రాములు. నిజమైన విమానం ఒప్పుకునేది ముప్పై కిలోలు. కెప్టెన్ బుల్లిరాజు శాలువా కప్పుకుని లేచాడు.

"సోదరులారా! మన సంస్థ స్థాపించిన నాటినుంచి ఒక్క ప్రమాదం లేదండి, ఒక్క పెట్టె పోలేదండి. ప్రపంచంలో ఇంకే విమాన సంస్థకైనా ఈ రికార్డుందా అని అడుగుతున్నాను. ఇవాళ మన గౌరవ ప్రయాణికుడు ఈశ్వరయ్యగారు వేరే సంస్థ విమానం ఎక్కుతానంటున్నారు. ఎక్కమనండి. కానీ మనం లోడు చేసిన లగేజీ సంగతేంటండీ? చెక్‌ఇన్ అయిన పెట్టెను వదిలేసి ప్రయాణికుడు ఎక్కడం అంతర్జాతీయంగా తప్పండి."

సభ్యులు గంభీరంగా తల ఊపారు. ఈశ్వరయ్య బట్టలు తీసుకెళ్లకపోతే ఒక పెట్టె పడుతుందని ఒకరు సూచించారు. తాళ్లు విప్పి ముఖ్యమైనవి ఏరుకుందామని ఒక కొత్త కుర్రవాడు అనగానే అందరూ అతనివైపు గుడ్లురిమి చూశారు. అతను క్షమాపణ చెప్పాడు.

గౌస్ వంటింటి గుమ్మంలోంచి అన్నాడు, "అన్నా, పెట్టెలు ఇంకో పొద్దు పోతాయి. మనిషిని పోనియ్యండి ముందు."

దీన్ని భిన్నాభిప్రాయంగా మినిట్స్‌లో నమోదు చేశారు.

చివరికి పరిష్కారం కెప్టెన్‌కే తట్టింది. సముద్రం మీద పోయే కార్గోవాడు ఇంటి గుమ్మం దాకా చేరుస్తాడు. దానికి అయ్యేది దాదాపు రానుపోను టికెట్టంత. ఈశ్వరయ్య టికెట్టును కంపెనీలో తిరిగి ఇచ్చేసి ఆ మొత్తం తీసుకుంటే పదిహేడు పెట్టెల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల నమ్మకం నిలబడుతుంది, ఆయన పేరు మీద పడ్డ మచ్చ పోతుంది. ఇక గృహప్రవేశమా, దానికి సంస్థ ప్రత్యేక విమానం వేస్తుంది. ముహూర్త సమయానికి ఊరిమీద చక్కర్లు కొడుతుంది. కొత్త కెమెరా వెర్షను కూడా ఆ వారమే విడుదల అవుతోంది.

"నేను పోతానబ్బా," అన్నాడు ఈశ్వరయ్య. "పీటల మింద కూచోవాల."

"అయ్యో, మిమ్మల్ని ఎవరాపారండీ? మీ ఇంట్లోవారినే అడుగుదాం," అని బుల్లిరాజు ఫోన్ స్పీకరులో పెట్టాడు.

మద్దమ్మ అంతా విన్నది. ఆమె పక్కన హమీదా బీ, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్లు ఉన్నట్టు గాజుల చప్పుడు బట్టి తెలుస్తోంది.

"నువ్వొస్తే నాకు సంతోషమే," అన్నది మద్దమ్మ. "కానీ ఉత్తచేతుల్తో వస్తే వీళ్లు నిన్ను గడప తొక్కనీరు. పెట్టెలొస్తే నేను నలుగుర్లో తలెత్తుకుంటా. నువ్వు మల్లన్నా రావచ్చు కదయ్యా."

సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈశ్వరయ్యకు శాలువా కప్పారు. పుచ్చుకున్నాడు. శాలువా కప్పుతుంటే వద్దనే మొనగాడు మన జాతిలో ఇంకా పుట్టవలసి ఉంది.

ఇరవై రెండో తేదీ ఉదయం ప్రత్యేక విమానం బయలుదేరింది. టైం చాలదని కెప్టెన్ దాన్ని కడప జిల్లా గగనతలంలోనే ప్రారంభించాడు. కొత్త వెర్షను అద్భుతం. ఈశ్వరయ్య ఎట్టకేలకు సీట్లో ఉన్నాడు, కిటికీ తళతళలాడుతోంది, కింద గుట్టకిందపల్లె. దేవదారు చెట్టు ఇంకొంచెం ఎదిగింది. ఒక చేతిలో ఫోన్ ఉంది, అందులో మద్దమ్మ మేనల్లుడు అసలు గృహప్రవేశాన్ని చూపిస్తున్నాడు.

ఫోన్‌లో పెట్టెలు కనిపించాయి. కార్గో వ్యాను ముందురోజే వచ్చిందట. పదిహేడు పెట్టెలకూ ఇంటిముందు పందిరి కింద పూలమాలలు వేశారు. నాలుగు ఊళ్ల జనం వాటిచుట్టూ నిలబడ్డారు. పీటల మీద మద్దమ్మ పట్టుచీరలో కూర్చుంది. భర్త పీట మీద అయ్యవారు కండువా పరిచాడు. గాలికి అది ఎగిరిపోతుంటే, ఈశ్వరయ్య సొంతానికి కట్టుకున్న ఇరవై కిలోల పెట్టెను తెచ్చి దానిమీద పెట్టారు. కొంగుముడి పెట్టెకున్న తాడుకు వేశారు. తాడు బలమైనది కాబట్టి ముడి బాగా నిలిచింది. పెద్దవాళ్లు వచ్చి మద్దమ్మ మీదా పెట్టె మీదా అక్షింతలు చల్లారు.

"ఇల్లు సూపీరా," అన్నాడు ఈశ్వరయ్య.

"ఉండు మామా. గౌస్ మామ పెట్టె విప్పుతాండారు."

ఫోన్ పాలపొడి డబ్బాల మీదికి, సబ్బుల మీదికి, దుప్పట్ల మీదికి తిరిగింది. వాటి వెనకాల ఒక నీలిరంగు గోడ ముక్క, కిటికీ మూల కనిపించాయి. అది తన ఇల్లే కావచ్చునని ఈశ్వరయ్య అనుకున్నాడు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. తెరమీద విమానం దేవదారు చెట్టు చుట్టూ పదో చక్కరు కొడుతోంది. గౌస్ వచ్చి, బిర్యానీ డబ్బా పక్కన పెట్టి, భుజం మీద చెయ్యి వేశాడు.

సాయంత్రం మద్దమ్మ ఫోన్ చేసింది. ఆమె గొంతులో సంబరం పొంగుతోంది.

"బెమ్మాండంగా జరిగిందయ్యా. కూచోడానికి చోటు లేదు. నీ పేరు ఇప్పుడు నాలుగూర్లలో మారుమోగిపోతాంది. హమీదా బీ నన్ను పట్టుకోని ఏడ్చేసింది, మీ ఆయన బంగారం అని."

"నేనొచ్చింటే ఇంకా బాగుండేది కదా మద్దమ్మా."

"నువ్వొచ్చింటే ఇంతమంది వస్తారా?" అన్నది మద్దమ్మ. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. లెక్క చెప్పింది, అంతే.

ఈ పద్ధతి సర్వజనామోదం పొందిందని వేరే చెప్పనక్కర్లేదు. ఆ నెలలోనే క్యాంపులో నలుగురు తమ సెలవు టికెట్లను కార్గోకు మార్చుకున్నారు. ప్రతి ఒక్కరూ ముందుగా ఇంటికి ఫోన్ చేసి, నేను రావడం లేదు, పెట్టెలు పంపుతున్నాను, మీకేమైనా అభ్యంతరమా అని మర్యాదగా అడిగారు. ఇంతవరకూ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒక్క ఇంటివాళ్లు మాత్రం, మనిషి ఎలాగూ రావడం లేదు కదా, ఆ బరువుకు ఇంకో పెట్టె కట్టడానికి వీలవుతుందా అని అడిగారు.